గాలి సోకిన గేము పెట్టె

ఆ సందు చివరి ఇంటి కింది గది ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. తప్పనిసరైతే అవతలి పక్క మురిక్కాలువ అంచు పట్టుకుని, చెప్పులు చేతిలో పెట్టుకుని, పక్కచూపు చూడకుండా పోతారు. కాలువలో కాలు పడ్డవాళ్లూ ఉన్నారు. దెయ్యం కంటే బురద మేలని వాళ్ల లెక్క.

ఒకప్పుడది వీడియో గేముల గది. ఆ ఇంటాయన్ని అందరూ గేమ్స్ సారు అనేవారు. వరసగా టీవీలు పెట్టి సందులో పిల్లలందర్నీ చెడగొట్టాడని పేరు తెచ్చుకున్నాడు. ఆ పిల్లలు పెద్దవాళ్లై, చెడిపోవడానికి ఇంతకంటే మంచి దారులు వెతుక్కున్నారు. గది మూతపడింది. చివరికి ఒక పాత టీవీ, దాని కింద ఒక పాత గేము పెట్టె మాత్రం మిగిలాయి. సాయంత్రమైతే సారు వాటి ముందు కూర్చుని ఒక్కడే ఆడుకునేవాడు. ఒక సాయంత్రం ఆ కుర్చీలోనే పోయాడు.

ఆయన పోయిన కొన్నాళ్లకు మొదలైంది.

చీకట్లో... ఆ కిటికీ తెర వెనక... ఒక ఎర్రటి చుక్క. వెలుగుతుంది. ఆరుతుంది. మళ్లీ వెలుగుతుంది. దాంతోపాటే గోడ మీద తెల్లటి మెరుపు. ఒక పాట ముక్క మొదలవుతూనే గొంతు నొక్కినట్టు తెగిపోతుంది. మళ్లీ అదే ముక్క... మళ్లీ అక్కడే తెగుతుంది.

కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత ఇంకో చప్పుడు—

ఫూ...

ఎవరో గుండెల నిండా ఊపిరి తీసుకుని, మెల్లగా వదిలినట్టు.

"సారు ఆట పూర్తి కాలేదు. అందుకే వస్తున్నాడు" అని ఎదురింటి టైలరమ్మ తేల్చేసింది. ఆవిడ కుట్టుమిషను కిటికీ పక్కనే ఉంటుంది. కాళ్లు మిషను మీద, కళ్లు ఎదురింటి మీద. ఆవిడ కుట్టిన చొక్కాకి రెండు చేతులూ ఒక కొలతకి వచ్చిన దాఖలా లేదు గానీ, ఆవిడ అల్లిన కథల్లో ఎక్కడా కుట్టు ఊడదు. పక్కింటి రిటైర్డు హెడ్‌క్లర్కు దానికి శాస్త్రం కూడా జోడించాడు. అది ఆత్మ కాదట, ఆత్మ తాలూకు తరంగమట. ఆ ముక్క విన్నాక చదువుకున్నవాళ్లు కూడా ధైర్యంగా భయపడటం మొదలుపెట్టారు.

ఈ సంగతంతా చెవిన పడ్డప్పుడు నవ్వినవాడు ఒక్కడే. సారు తమ్ముడు.

అతనిది టీవీలూ రేడియోలూ బాగుచేసే షాపు. లోకం పెట్టిన పేరు వోల్టేజి, మనిషి ఎప్పుడూ హై వోల్టేజిలో ఉంటాడు గనక. టీవీ పట్టుకొచ్చినవాణ్ణి ముందు పైనుంచి కిందికి చూసి, "ప్లగ్గు పెట్టి చూశారా? దేవుడు మెదడు ఇచ్చాడు, వాడితే అరిగిపోదు" అని గానీ స్క్రూడ్రైవరు ముట్టుకోడు. అయినా జనం అతని దగ్గరికే పోతారు. పని వచ్చినవాడి తిట్లు ఊరికే పోవని ఒక నమ్మకం.

ఒకరోజు మధ్యాహ్నం అన్న కూతురు షాపుకొచ్చింది. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే అమ్మాయి. సందులో అందరూ పంతులమ్మ అనే పిలుస్తారు. ఆ కింది గదికి సున్నం కొట్టించి పసిపిల్లల బడి పెడదామని ఆమె కోరిక. చిన్న చిన్న కుర్చీలు కూడా చేయించి పెట్టుకుంది.

"బాబాయ్, నువ్వొచ్చి ఆ గదిలో దెయ్యం లేదని అందరి ముందూ చెప్పాలి."

"లేనిదాన్ని లేదని చెప్పడానికి నేనెందుకే? నా పని ఉన్నవాటితో."

"పేర్లు రాయించిన తల్లులు మళ్లీ వచ్చి కొట్టేయమంటున్నారు. ఇంకొద్దిమందే మిగిలారు. వాళ్లూ పోతే బడి లేదు. నేను వేరే ఊళ్లో ఉద్యోగం వెతుక్కోవాలి. అమ్మ ఈ ఇల్లు వదిలి రానంటుంది. ఒక్కతే ఉంటుంది, ఆ గది పైన."

వోల్టేజి సోల్డరింగు గన్ను కింద పెట్టాడు.

"నాన్న వస్తున్నాడని అంటున్నారు బాబాయ్" అంది ఆమె, గొంతు తగ్గించి. "వస్తే నన్ను ఒక్కసారైనా పలకరించడా?"

అతనికి భలే కోపం వచ్చింది. అతనికి ఏడుపొచ్చినా కోపంలాగే వస్తుంది. "సందు నిండా వెధవలే" అని షట్టరు దించేసి ఆమె వెంట బయల్దేరాడు.

పట్టపగలు. గది తలుపులు బార్లా తీయించాడు. ఆ సందడికి టైలరమ్మ మెడలో టేపుతో సహా కిటికీ దగ్గరికి వచ్చేసింది. ఆవిడ వెనక హెడ్‌క్లర్కు. లోపలికి రమ్మంటే మాత్రం ఇద్దరికీ ఇంట్లో పనులు గుర్తొచ్చాయి.

సారు భార్య, అంటే వోల్టేజి వదిన, మంచినీళ్లు తెచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ పెట్టె ఆవిడకి బతికున్న సవతి. మొగుడు బతికినన్నాళ్లూ దాన్ని తిట్టని పూట లేదు. "ఆ దిక్కుమాలినదానికి మళ్లీ సేవలా?" అంది మూతి ముడుచుకుని. పోనీ తీసుకెళ్లి పారేస్తానంటే మాత్రం, "మీ అన్న వస్తువు, ఉండనీ" అని పైకి పోయింది.

వోల్టేజి ప్లగ్గు పెట్టి, ఆట ఉండే క్యాసెట్ దూర్చి, బటను నొక్కాడు. ఎర్ర లైటు వెలిగింది. ఆరింది. వెలిగింది. టీవీలో మెరుపు... పాట ముక్క... తెగింది.

కిటికీ దగ్గర టైలరమ్మ కళ్లు మూసుకుంది.

అతను నవ్వుకుంటూ పెట్టె మరలు విప్పాడు. అనుకున్నట్టే ఉంది. క్యాసెట్ వెళ్లి కూర్చునే చోట వరసగా ఉండే పిన్నులు చిలుమెక్కి, నల్లబడి, చదునుగా పడుకున్నాయి. క్యాసెట్ అతుకుతుంది, అతకదు. అతకనప్పుడల్లా పెట్టె ఆగి మళ్లీ మొదటికొస్తుంది. లైటు కొట్టుకోవడానికి అంతకంటే కారణం లేదు. ఇలా ఎందుకైందో కూడా అతనికి తెలుసు. ఆ కాలపు పెట్టెలు మొరాయిస్తే అందరూ చేసే వైద్యం ఒకటే. క్యాసెట్ పీకి, దాని నోట్లో ఫూ అని ఊది, మళ్లీ దూర్చడం. ఊపిరిలో చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మే పిన్నుల్ని తినేస్తుంది. "ఊదకు అన్నయ్యా" అని ఎన్నోసార్లు మొత్తుకున్నాడు. అన్న తలూపి, మళ్లీ ఊదేవాడు.

"ఏమిటండీ, ఏమైనా తెలిసిందా?" అని కిటికీలోంచి హెడ్‌క్లర్కు గుసగుసగా అడిగాడు.

వోల్టేజి తలెత్తకుండానే అన్నాడు. "తెలిసేదేముంది. దీనికి గాలి సోకింది."

కిటికీ దగ్గర టైలరమ్మ మెడలో టేపుని రెండు చేతులా పట్టుకుంది.

"ఇవాళ నిన్న కాదు, ఏళ్ల తరబడి సోకింది. బాగా లోపలికి పట్టేసింది. ఊరికే వదలదు. రేపు సామాన్లు తెచ్చుకుని చూస్తా."

అతని షాపులో అది రోజూ వాడే మాట. చెమ్మ పట్టినా, తుప్పు పట్టినా, చిలుమెక్కినా అన్నిటికీ అదొక్కటే పేరు. అతనికి పని నేర్పిన గురువూ అలాగే అనేవాడు. ఆ మాటకి షాపు బయట వేరే అర్థం ఉందని ఆ క్షణంలో అతనికి గుర్తే లేదు. మెదడు వాడమని లోకానికి చెప్పే మనిషి, ఆ రోజు తనది ఇంట్లో పెట్టి వచ్చాడు.

సాయంత్రానికి సందంతా పాకిపోయింది. దెయ్యమంటే నవ్వే వోల్టేజి, సొంత తమ్ముడు, నోరారా ఒప్పుకున్నాడు. గాలి సోకింది. ఏళ్ల తరబడి సోకింది. ఊరికే వదలదు. వింటున్నవాళ్లు కూడా ఊరుకోలేదు, ఆ మాట అంటున్నప్పుడు అతని చేతులు వణికాయని తలా కాస్త కలిపారు. మిగిలిన ఆ కొద్దిమంది తల్లులూ చీకటి పడకముందే వచ్చి పేర్లు కొట్టేయించుకుని పోయారు.

పంతులమ్మ షాపుకి పరిగెత్తుకొచ్చింది. "బాబాయ్, నువ్వసలు ఏమన్నావు?"

"ఉన్నదే అన్నా. గాలి సోకిందన్నా."

ఆమె తల పట్టుకుని స్టూలు మీద కూలబడింది. "నీ షాపు భాష షాపులోనే తగలేసి రావొచ్చు కదా బాబాయ్."

అప్పుడు వెలిగింది అతనికి. ఊహ తెలిశాక మొదటిసారి, ఎవర్ని తిట్టాలో తోచక కూర్చుండిపోయాడు. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే చూడలేక, పక్కనున్న రేడియోకి ఉన్న మరలన్నీ విప్పి మళ్లీ బిగించాడు.

కాసేపటికి మెల్లగా అన్నాడు. "లైటు ఎందుకు కొట్టుకుంటోందో తెలిసింది. బటను ఎవరు నొక్కుతున్నారో తెలీలేదు. పెట్టె దానంతటది మొదలవదే. దానికో వేలు కావాలి. ఆ వేలు రేపు పట్టుకుంటా. పట్టుకుని సందులో ఊరేగిస్తా."

మర్నాడు పొద్దుగూకింది. పంతులమ్మ రోజూలాగే వెనక వీధికి ట్యూషన్ చెప్పడానికి వెళ్లింది. వోల్టేజి పెట్టెను బాగుచేయకుండా మళ్లీ బిగించేసి, ఆమె వెళ్లేముందే ఆమె చేత గదికి బయటి తాళం వేయించుకుని, లోపల మూలగా ఉన్న పాత బల్ల వెనక నక్కాడు. ఆమె టార్చి తెచ్చుకోమంటే వద్దన్నాడు. టార్చి పిరికివాళ్లకట.

చీకటి చిక్కబడింది. కిటికీ తెర పల్చగా ఊగింది... ఆగింది. సారు కుర్చీ ఖాళీగా ఉంది. అన్న కూర్చుని కూర్చుని ఆ కుర్చీ ఒక పక్కకి ఒరిగిపోయింది. అటు చూడకూడదనుకున్నాడు. చూశాడు.

ఏ ఆకతాయి వెధవో కిటికీ దూకి వస్తాడని అతని ధీమా. కిటికీ వైపే కళ్లప్పగించి కూర్చున్నాడు.

చప్పుడు కిటికీ వైపు నుంచి రాలేదు.

వెనక నుంచి... మెట్ల కిందనుంచి... ఏదో రాసుకున్నట్టు. ఆ తర్వాత గాలిలో ఒక వాసన. అన్న వాడిన తల నూనె వాసన.

వోల్టేజి బల్ల వెనక ఇంకాస్త ముడుచుకున్నాడు. ఎలుక, అనుకున్నాడు. ఎలుకలు తలకి నూనె రాసుకోవని అతని మెదడే అతనికి గుర్తు చేసింది.

నల్లటి ఆకారం ఒకటి గది దాటుకుంటూ పోయింది. అడుగుల చప్పుడు లేదు. కుర్చీ దగ్గర ఆగింది. కుర్చీ... కిర్రుమంది. సరిగ్గా అన్న కూర్చుంటే కిర్రుమన్నట్టే.

ఎర్ర చుక్క వెలిగింది.

టీవీ మెరుపులో ఒక్క క్షణం వీపు కనిపించింది. గళ్ల స్వెట్టరు. అన్న స్వెట్టరు. మోచేతి దగ్గర చిరుగుతో సహా. అంతలో చీకటి. మళ్లీ మెరుపు... మళ్లీ ఆ వీపు. పాట ముక్క తెగింది. ఆ ఆకారం వంగి, క్యాసెట్ పీకి, నోటి దగ్గర పెట్టుకుంది—

ఫూ...

ఇక్కడ వోల్టేజి ధైర్యం గురించి చెప్పాలి. చెప్పడానికి ఎక్కువ లేదు. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. బల్లని తోసుకుంటూ లేచి, గోడకి అంటుకుపోయి, సందు సందంతా వినబడేలా ఒక్క కేక పెట్టాడు. "అన్నయ్యా, నేనే... నన్నేం చేయకు. నీ స్పానరు సెట్టు నేనే తీసుకున్నా, ఇచ్చేస్తా."

కుర్చీలో ఆకారం గిర్రున తిరిగింది.

"మరిదీ?" అంది.

అతను గోడ తడుముకుంటూ స్విచ్చి వేశాడు. మొగుడి స్వెట్టరు తొడుక్కుని, మొగుడి నూనె రాసుకుని, ఒళ్లో క్యాసెట్‌తో వదిన కూర్చుని ఉంది. పై ఇంట్లోంచి దిగే మెట్ల కింది తలుపు తీసి ఉంది.

ముందు వోల్టేజి తేరుకుని, స్పానరు సెట్టు సంగతి ఆవిడ వినలేదేమో అన్న ఆశతో గొంతు సవరించుకున్నాడు.

"రోజూ నువ్వేనా వదినా?"

ఆవిడ తల దించుకుంది.

"ఊదేది కూడానా?"

"మీ అన్న ఊదేవాడుగా. ఊదితే ఆడుతుందనుకున్నా."

"నీకు ఈ పెట్టెంటే ఒళ్లు మంట కదా."

"మంటే." ఆవిడ క్యాసెట్‌ని కొంగుతో తుడిచింది. "నాతో రెండు మాటలు మాట్లాడటానికి తీరని మనిషి, దీని ముందు పొద్దు పోయేదాకా కూర్చునేవాడు. నవ్వుకునేవాడు కూడా. అందులో ఏముందో ఒక్కసారి చూద్దామనుకున్నా. అది మొదలవుతుంది, పోతుంది. మొదలవుతుంది, పోతుంది. ఇంతవరకూ ఆట కనబడలేదు మరిదీ."

"సందంతా దెయ్యమని కోడై కూస్తుంటే చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? జన్మంతా ఆయన్ని దీని కోసం తిట్టి, ఇప్పుడు నేనే ఆడుతున్నానని చెప్పనా? నా మొహాన ఉమ్మేస్తారు. దెయ్యమే నయం అనిపించింది."

"మరి అమ్మాయి బడి?"

ఆవిడ మొహం ముడుచుకుపోయింది. "రేపటినుంచి మానేద్దామని రోజూ అనుకుంటా" అంది, వినీ వినబడకుండా.

అప్పటికే బయట జనం చేరారు. వోల్టేజి కేక అలాంటిది. ట్యూషన్ నుంచి పరిగెత్తుకొచ్చిన పంతులమ్మ తాళం తీసింది. ఆమె వెనక టైలరమ్మ, హెడ్‌క్లర్కు, వాళ్ల వెనక సందులో కాళ్లున్నవాళ్లంతా. ఎవరూ గుమ్మం దాటలేదు.

కూతురి మొహం చూసింది వదిన. లేచి నిలబడింది.

"నేనే" అంది. "రోజూ నేనే వచ్చి ఆడుతున్నాను. దెయ్యం లేదు, గియ్యం లేదు. పిల్లల్ని పంపించండి."

ఆ ముక్క చెప్పడానికి తల్లికి ఎంత కష్టమైందో గదిలో ఇద్దరికే తెలుసు. వోల్టేజికి వదిన మీద మొదటిసారి గౌరవం కలిగింది.

గుమ్మం దగ్గర గుసగుస మొదలైంది.

"గొంతు మారింది, విన్నారా" అన్నాడు హెడ్‌క్లర్కు.

"ఆ స్వెట్టరు ఎవరిదో చూడండి" అంది టైలరమ్మ. "ఆ పెట్టెంటే ఆవిడకి ఎంత అసహ్యమో మనకి తెలీదా? ఆవిడెందుకు ఆడుతుంది? ఆడేది ఆయనే. గాలి పెట్టెని వదిలి ఆవిడకి సోకింది."

అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. వెనకున్నవాడి కాలు కాలువలో పడింది.

నిజం చెబితే ఇలా ఉంటుంది. దెయ్యం ఉందంటే ఒక్కరూ సాక్ష్యం అడగలేదు. మొగుడు లేని మనిషి సాయంత్రం ఏమీ తోచక గేము ఆడుకుందంటే మాత్రం ఒక్కరూ నమ్మలేదు. వోల్టేజి మొహం ఎర్రబడింది. వాళ్లని తిట్టే తిట్టు ఇంకా పుట్టలేదనిపించి, వాళ్లకి వీపు పెట్టి పెట్టె ముందు చతికిలబడ్డాడు.

మరలు విప్పాడు. తెచ్చుకున్న సంచిలోంచి దూది తీసి, స్పిరిట్ అద్ది పిన్నులు ఒక్కొక్కటే తుడిచాడు. దూది నల్లబడింది, ఆకుపచ్చబడింది. సూదితో ఒక్కో పిన్నునీ మెల్లగా పైకి లేపాడు. క్యాసెట్ మూతి కూడా తుడిచాడు. పవరు తీగ దగ్గర టాకా వదులుగా కనబడితే సోల్డరింగు గన్ను పెట్టాడు. తెల్లటి పొగ లేచి గదంతా కమ్ముకుంది. ఇంతసేపూ అతను పళ్ల మధ్యనుంచి ఏదో గొణుగుతూనే ఉన్నాడు. టైలరమ్మనీ, హెడ్‌క్లర్కునీ, వాళ్ల ఇంటిల్లిపాదినీ పేరుపేరునా తిడుతున్నాడు.

గుమ్మంలో జనం మెడలు చాచారు. "మంత్రం" అని ఎవరో అన్నారు. "ధూపం" అని ఇంకెవరో అన్నారు. హెడ్‌క్లర్కు చేతులు జోడించాడు.

పెట్టె మూసి, క్యాసెట్ దూర్చి, బటను నొక్కాడు.

ఎర్ర లైటు వెలిగింది. వెలిగే ఉంది. పాట మొదలై, తెగకుండా, తర్వాతి చరణంలోకి వెళ్లింది. సందులో ఎవరూ అంతవరకూ ఆ చరణం విని ఎరగరు.

"వదిలింది" అంది టైలరమ్మ, గుండె మీద చెయ్యేసుకుని.

వోల్టేజి సర్రున లేచాడు. వదిలింది చిలుమనీ, ఊరందరి తలకాయల్లో కూడా అదే ఉందనీ, చెప్పడానికి నోరు తెరిచాడు. పంతులమ్మ అతని కాలు గట్టిగా తొక్కింది.

"వదిలింది కదా బాబాయ్?" అంది అతని కళ్లలోకి చూస్తూ.

అతను ఆమెని చూశాడు. మూలన దొంతర పెట్టిన చిన్న కుర్చీల్ని చూశాడు. నోట్లోకి వచ్చిన మాటని అతను మింగడం ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. కష్టంగానే మింగాడు.

"వదిలింది" అన్నాడు.

"మళ్లీ రాదుగా?" అన్నాడు హెడ్‌క్లర్కు.

"గ్యారంటీ."

జనం మొహాలు విప్పారాయి. దెయ్యం అసలు లేదంటే నమ్మనివాళ్లు, ఉండి పోయిందంటే చప్పున నమ్మేశారు. టైలరమ్మ అందరికంటే ముందు గుమ్మం దాటి లోపలికి వచ్చి, వదిన బుగ్గలు నిమిరి, "పాపం ఎంత నలిగిపోయావో" అని, తన మనవడి పేరు మళ్లీ రాసుకోమంది. ఆవిడ రాయించాక ఇంకెవరు ఆగుతారు? వెళ్తూ వెళ్తూ ఒకాయన వోల్టేజిని పక్కకి పిలిచి, మా ఇంట్లో ఫ్రిజ్ కూడా రాత్రిళ్లు మూలుగుతోంది, ఒకసారి వచ్చి వదిలిస్తారా అని వినయంగా అడిగాడు. వోల్టేజి అతణ్ణి ఏమీ అనలేకపోయాడు. ఆ బాధ అతనికి చాలాకాలం ఉంది.

జనం పోయాక గది ఖాళీ అయింది. టీవీలో ఒక చిన్న బొమ్మ మనిషి పచ్చటి నేల మీద నిలబడి ఎవరైనా కదిలిస్తారేమో అని చూస్తున్నాడు.

"రేపు కుర్చీలు వేయాలి. పెట్టె తీసేద్దాం" అన్నాడు వోల్టేజి, తీగ వైపు చెయ్యి చాపి.

"ఆగు" అంది వదిన. కుర్చీలో కూర్చుని గేము రిమోట్ చేతిలోకి తీసుకుంది. ఏ బటనుకి ఏమవుతుందో ఆవిడకి తెలీదు. బొమ్మ మనిషి నాలుగడుగులు నడిచి, గోతిలో పడి చచ్చిపోయాడు. మళ్లీ లేచాడు. మళ్లీ నడిచాడు. అదే గోతిలో పడ్డాడు. మూడోసారి కూడా పడ్డాక తెర నల్లబడింది.

ఆవిడ చాలాసేపు ఆ నల్లటి తెరనే చూసింది.

"ఇంతేనా?" అంది. "దీని కోసమా ఆ మనిషి నన్ను పక్కన పెట్టింది? నడవడం, పడటం, చావడం... ఇంతేనా ఉంది ఇందులో?"

కళ్లనిండా నీళ్లు. పంతులమ్మ వెళ్లి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. వోల్టేజి అన్న తరఫున ఏదైనా చెబుదామనుకున్నాడు. మెల్లగా వంగి ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

వదిన స్వెట్టరు చేత్తో మొహం తుడుచుకుంది. కుర్చీని టీవీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది.

"ఇంకోసారి పెట్టు మరిదీ" అంది.